పోటీ పందిళ్ల నుండి ఫిల్మ్‌నగరు దాకా

జూబ్లీహిల్సు చెక్‌పోస్టు నుండి ఫిల్మ్‌నగరునకు పోవు త్రోవలో ఇరుప్రక్కల నిలిచిన మేడలను, స్టూడియోలను, డబ్బింగు గదులను, రాబోవు చిత్రముల నిలువెత్తు ప్రకటనలను చూచుచు పోవు నేటి యువకునకు, ఈ ప్రదేశమంతయు నిన్నమొన్నటి వరకు బండరాళ్లును సీతాఫలపు పొదలును తప్ప మరేమియు లేని గుట్టల వరుసయై యుండెనని చెప్పిన నమ్మడు. 1960ల దశకమున చల్లగళ్ల నరసింహారెడ్డి పూనికతో సహకార గృహనిర్మాణ సంఘము జూబ్లీహిల్సుకు రూపు దిద్దుటయు, 1976 జనవరి 14వ తేదీన అక్కినేని నాగేశ్వరరావు బంజారాహిల్సు రాళ్ల నడుమ అన్నపూర్ణా స్టూడియోను ఆరంభించుటయు, 1980ల దశకమున చిత్రసీమవారు సంఘముగా కూడి ఫిల్మ్‌నగరున ఇండ్లు కట్టుకొనుటయు, అచ్చటనే దగ్గుబాటి రామానాయుడు స్టూడియో వెలయుటయు పలువురెరిగిన సంగతులే. మద్రాసు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన కథగా దీనిని చెప్పుకొనుట పరిపాటి.

నాకు మాత్రము ఆ కథను నడుమ నుండి ఎత్తుకొన్నట్లు తోచును. మద్రాసుకు పోవుటకు ముందు ఈ మనుష్యులు ఎచ్చట నుండిరి, ఏమి చేయుచుండిరి, ఎవరి యెదుట నిలిచి ఏ విద్య నేర్చిరి అను ప్రశ్నకు సమాధానము మద్రాసు చిత్రసీమకు నెలవగు కోడంబాకమున దొరకదు. అది తెనాలి, గుడివాడ, రాజమహేంద్రవరము, కాకినాడ, పాలకొల్లు మొదలగు ఊళ్లలో, హైస్కూలు ఆవరణలలో వేసిన తాటాకు పందిళ్లలో, ప్యాసింజరు రైలు మూడవ తరగతి పెట్టెలలో, అట్టపెట్టెలలో కట్టుకొనిపోయిన కిరీటముల నడుమ వెదకవలసిన సమాధానము. తెలుగువారి నాటక సమాజములు ఊరూరు తిరిగి ఒకదానితో నొకటి పోటీపడిన కాలమొకటి యుండెను. ఫిల్మ్‌నగరు పునాదులలో ఆ కాలపు రాళ్లు పెక్కు కలవు.

2025 జూలై 13వ తేదీన కోట శ్రీనివాసరావు ఫిల్మ్‌నగరులోని స్వగృహమున కన్నుమూసినపుడు లోకమంతయు ఆయన చిత్రములను తలచుకొన్నది. నాకు మొదట జ్ఞప్తికి వచ్చినది ఒక నాటకము. కంకిపాడున జన్మించి, స్టేట్ బ్యాంకులో కొలువు చేయుచు, సాయంకాలములు రిహార్సలు గదులలో గడపిన ఆ నటుడు చలనచిత్రమున అడుగుపెట్టుటకు కారణము 'ప్రాణం ఖరీదు'. సి.యస్. రావు వ్రాసిన ఆ నాటకమును చూచి ముగ్ధుడైన క్రాంతికుమార్ దానినే 1978లో చిత్రముగా నిర్మించెను. నాటకమున ఆడిన కోటను అట్లే తెరమీదికి తెచ్చెను. అనగా ఆ నటుడు ఎవరి గుమ్మము ముందును అవకాశమునకై నిలిచినవాడు కాడు. ఆయన సమాజము ఆడిన ఆటయే ఆయనకు సిఫారసు పత్రము.

ఈ తిరుగుడుకును, ఈ పోటీకిని మూలము వెదకినచో పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమునకు పోవలెను. 1880లో కందుకూరి వీరేశలింగము 'వ్యవహార ధర్మబోధిని'ని రాజమహేంద్రవరమున ఆడించెను. ఆ రోజులలోనే ధార్వాడ నాటక సమాజమువారు కోస్తా పట్టణములకు వచ్చి పాటలతో, తెరలతో, జిలుగు దుస్తులతో జనులను ఆశ్చర్యమున ముంచి పోయిరి. వారు పోయినను వారు రగిల్చిన ఉత్సాహము పోలేదు. 1885లో కడప మండలమున సురభి గ్రామమందు 'కీచకవధ'తో సురభి నాటక సమాజము పుట్టినది. మరుసటి సంవత్సరమున బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యుల సరసవినోదినీ సభ వెలసినది. సురభివారు ఒక కుటుంబమే ఒక సమాజముగా, పుట్టిన బిడ్డను కృష్ణుని వేషముతో, పెరిగిన బిడ్డను ప్రహ్లాదుని వేషముతో రంగమెక్కించుచు బండ్లమీద దేశము తిరిగిరి. తక్కినవారిలో పెక్కుమంది వకీళ్లు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు. వారు సెలవులు దొరకినపుడు తిరిగిరి.

నాటకమాడెడి దినమున మధ్యాహ్నపు వేళ, ఎద్దుబండికి రంగు కాగితములంటించి, అందు డప్పులవానిని, క్లారినెట్టు వానిని, బాకా ఊదువానిని ఎక్కించి వీథులు త్రిప్పెడివారు. బండి వెనుక పరుగెత్తు పిల్లలకు నోటీసులు విసరుచుండిరి. రెండు సమాజములు ఒకే ఊరికి ఒకే వారమున వచ్చినచో బజారులో రెండు బండ్లు ఎదురగుటయు, మేళగాండ్రు తమతమ డోళ్లను పగులునంతగా వాయించుటయు, దారిన పోవువారు ఏ మేళమునకు మొగ్గుదుమా యని నిలిచి చూచుటయు మా పెద్దలు చెప్పగా వింటిని. పోటీ రంగస్థలము మీదికి రాకమునుపే వీథిలో మొదలగుచుండెను.

తరువాత వచ్చిన, వేర్వేరు నటులను కుదుర్చి ఆడించు కాంట్రాక్టు నాటకములతో ఈ పోటీ పద్యమునకు ఎక్కెను. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయముల'లో రాయబార ఘట్టమున కాంట్రాక్టరు ఒకరికి మారుగా ఇద్దరు ముగ్గురు కృష్ణులను పిలిపించెడివాడు. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి, ఏ.వి. సుబ్బారావు, ఈలపాట రఘురామయ్య వంటి ఉద్దండులు ఒకే రాత్రి ఒకే పాత్రను పంచుకొన్నపుడు, మొదటి కృష్ణుడు విడిచిన రాగమును రెండవ కృష్ణుడు ఎట్లందుకొనునోయని వేలమంది ఊపిరి బిగబట్టి కూర్చుండిరి. 'వన్స్ మోర్' అను కేక లేచినచో నడుచుచున్న కథ ఆగిపోవలసినదే. నాటక ధర్మమునకు ఇది హానియని విమర్శకులు పలికిరి. వారి మాట సత్యమే. అయినను, మైకు లేని దినములలో చిట్టచివరి చాప మీద కూర్చున్న రైతుకు ప్రతి యక్షరమును వినిపింపగల కంఠములు ఆ పోటీ వలననే సిద్ధమైనవనుట కూడ సత్యమే.

1929లో తెనాలి యందు ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడుటతో ఈ వ్యవహారమునకు ఒక క్రమము వచ్చినది. సురభి వనారస గోవిందరావు వంటి వృత్తి కళాకారులును, చదువుకొన్న ఔత్సాహికులును ఒక వేదికమీద చేరుట ఆనాటికి చిన్న విషయము కాదు. ఆ పరిషత్తు నాటక పోటీలను ఆరంభించి, ఏటికొక ఊరున జరుపుచు రాగా, దానిని చూచి జిల్లాలలో మరి యెన్నియో పరిషత్తులు పుట్టినవి. సంక్రాంతి మొదలు వేసవి ముగియు దాక ఏదో యొక యూర పోటీలు సాగుచుండెను. కాకినాడలో జరిగిన పరిషత్తు పోటీలలో చిన్నవయసు బాలికయగు సావిత్రి పృథ్వీరాజ్ కపూర్ చేతిమీదుగా బహుమానమందుకొన్న వృత్తాంతము ప్రసిద్ధము. నందమూరి తారక రామారావు విజయవాడలో మిత్రులతో కలసి నేషనల్ ఆర్ట్ థియేటరు అను సమాజము పెట్టెను. తరువాత 1953లో 'పిచ్చి పుల్లయ్య'తో ఆ పేరే చిత్రనిర్మాణ సంస్థకు వచ్చినది. నాగేశ్వరరావు స్త్రీపాత్రలు ధరించి ఊళ్లు తిరిగినవాడు. 1944లో విజయవాడ రైలు స్టేషనులో ఘంటసాల బలరామయ్య కంటబడి 'సీతారామ జననము'న రాముడైనాడు. తిరుగుచున్న నటుడు కాకున్నచో ఆ స్టేషనులో ఉండుటయే తటస్థించెడిది కాదు.

నేనును పి.యు.సి. చదువుచున్న దినములలో ఒక సమాజమున చేరి కొన్ని వేసవులు పరిషత్తులకు తిరిగితిని. మా సమాజాధిపతి హైస్కూలున తెలుగు మాస్టారు. హార్మోనిస్టు దేవాలయమున నాదస్వర మేళమునకు శ్రుతి పట్టెడి ముసలాయన. దీపముల పని చూచువాడు విద్యుత్ కార్యాలయమున చిన్న కొలువువాడు. ప్రతినాయకుడు కుట్టుపనివాడు గనుక ఆహార్యమంతయు వానిదే. రిహార్సలు రాత్రి భోజనములైన పిమ్మట బడిలోని ఏడవ తరగతి గదిలో జరుగును. మాస్టారు బల్లలన్నియు గోడకు చేర్పించి, సుద్దముక్కతో నేలమీద రంగస్థలపు కొలత గీయించి, ఆ గీత దాటినవానిని మొదటి నుండి మరల ప్రవేశింపుమనెడివారు. అరచుటయే నటనయని భ్రమించిన మాకు ఆయన పదేపదే చెప్పినది ఒక్కటే: "గొంతు పెంచకురా అబ్బాయీ, మాట పెంచు." ఆ మాటకు అర్థము మాకు చాలనాళ్లు తెలియలేదు. ఒకనాడు ఆయన మమ్ములనందరిని బడి ఆవరణ చివరనున్న వేపచెట్టు క్రిందికి పంపి, తాను గదిలో నుండి రహస్యము చెప్పినంత మెల్లగా ఒక సంభాషణ పలికెను. అక్షరమక్షరము మాకు వినబడినది.

ప్రయాణమనగా సామానుల పట్టీతో మొదలు. రెండు ట్రంకుపెట్టెల దుస్తులు, చుట్టిన తెర, మడత తలుపు చట్రము, హార్మోనియము, తబలా జత, రంగుల పెట్టె. ఆ రంగుల పెట్టెలో జింకు పొడి, అర్దళము, కాటుక, గడ్డము అంటించు జిగురు, కొబ్బరినూనె సీసా, పాతపంచె చింపి చేసిన తుడుపు గుడ్డలు ఉండెడివి. ఈ పెట్టె మాత్రము ఎవరో యొకరి ఒడిలోనే ప్రయాణము చేయవలెను. తెర కఱ్ఱలను రైలు పెట్టెలోనికి ఎక్కించు నిమిత్తము టికెట్టు కలెక్టరును బ్రతిమాలుట మాలో చిన్నవాని పని. ఊరు చేరినపిదప పరిషత్తువారు ఏదైన బడిలో విడిది చూపెదరు. ఒక తరగతి గదిలో మేము, ప్రక్క గదిలో మాతో పోటీపడ వచ్చిన సమాజమువారు. గోడకు ఆవల వారు సంభాషణలు వల్లించుచుండ, ఈవల మేము విననట్లు నటించుచు వినుచుండెడివారము. ఉదయము బావి యొద్ద ముఖములు కడుగునపుడు ఉభయులకును ఒకటే చేద, ఒకటే పళ్లపొడి. సాయంకాలమునకు మాత్రము ఎవరి పెట్టెకు వారు తాళము వేసికొందురు.

ప్రదర్శన క్రమమును చీట్లు తీసి నిర్ణయించెడివారు. మొదటి చీటి వచ్చినవారికి సభికులు ఇంకను కూర్చుండుచుందురు. పల్లీలవాడు కేకలు వేయుచుండును. పిల్లలు తెర క్రింద నుండి తొంగి చూచుచుందురు. చివరి చీటి వచ్చినవారి పాటు మరి యెక్కువ. మాకు ఒకమారు ఆ చివరి చీటి పడినది. మాకు ముందు ఆడినవారి రంగాలంకరణ తీయుటలో ఆలస్యమై, మా గంట మ్రోగునప్పటికి రాత్రి మూడు గంటలు దాటినది. పందిటిలో సగముమంది దుప్పట్లు కప్పుకొని పడుకొనియుండిరి. న్యాయనిర్ణేతల బల్లమీద ఆకుపచ్చ కాగితము చుట్టిన చిన్న దీపము వెలుగుచున్నది. ఆ వెలుతురున మూడు జతల కళ్లద్దములును, మార్కులు వేయు కాగితములును, చల్లారిన టీ గ్లాసులును మాత్రము మాకు కనబడుచున్నవి. మాస్టారు ఆ క్షణమున మమ్ములను చేరబిలిచి, మొదటి దృశ్యమున తండ్రి పాత్ర పెట్టవలసిన కేకను తీసివేసిరి. నిద్రించువారిని కేకతో లేపరాదనియు, కొంత నిశ్శబ్దమిచ్చిన వారే లేతురనియు ఆయన తలంపు. తెర లేచెను. తండ్రి పాత్రధారి ఏమియు పలుకక, వాలుకుర్చీ మీది తుండుగుడ్డ తీసి దులిపి, మడిచి, మరల కుర్చీ చేతిమీద పెట్టెను. దీపములవాడు వెలుతురును మెల్లగా పెంచుచుండెను. ముందు వరుసలలో ఒక స్త్రీ లేచి కూర్చుండి ప్రక్కవారిని తట్టినది. ఆమె వెనుక మరి ఇద్దరు లేచిరి. మొదటి రంగము ముగియునప్పటికి పందిటిలో పడుకొన్నవారు పిల్లలు మాత్రమే. ఆ తెల్లవారుజామున నేను నేర్చినది తరువాత ఏ పాఠశాలలోను నేర్వలేదు.

ఈ పోటీలలో బహుమానములు ఇచ్చు పద్ధతి యొకటి కలదు. దానినిగూర్చి చెప్పక పోయినచో ఈ చరిత్రలో ముఖ్యమైన భాగము జారిపోవును. అన్నింటికంటె పెద్దది ఉత్తమ ప్రదర్శన బహుమానము. అది సమాజమంతటిదియు, తెర లాగువానితో సహా అందరిదియు. దాని తరువాత ఉత్తమ నటుడు, ఉత్తమ నటి మాత్రమే గాక, ఉత్తమ ప్రతినాయకుడు, ఉత్తమ హాస్యనటుడు, ఉత్తమ గుణచిత్ర నటుడు, ఉత్తమ ఆహార్యము, ఉత్తమ రంగాలంకరణ, ఉత్తమ సంగీతము అని వేర్వేరుగా ఉండెను. కావున ఒక ముసలి తండ్రి వేషము వేయువాడు తన వేషము చిన్నదని కుములుటకు తావు లేదు. వాని పోటీ నాయకునితో కాదు, మిగిలిన సమాజములలోని ముసలి తండ్రులందరితోను. తెలుగు చిత్రములలో నాయకుని చుట్టును నిలిచిన తండ్రులు, మామలు, కరణములు, పటేళ్లు, పిసినారులు, దుర్మార్గులు ఇతర భాషలవారు సైతము మెచ్చునట్లు వెలుగుటకు ఈ పద్ధతియే ముఖ్య హేతువని నా దృఢ విశ్వాసము. 'కీర్తిశేషులు' నాటకముతో పేరొందిన రావుగోపాలరావు 'ముత్యాలముగ్గు'లో కాంట్రాక్టరు పాత్రను, గొంతు పెంచక, నెమ్మదిగా ఒక్కొక్క మాటను రుచి చూచుచు పలుకుట వినినపుడు నాకు మా మాస్టారి వేపచెట్టు పాఠమే స్ఫురించినది.

గుణములతో పాటు దోషములును అచ్చటనే పుట్టినవని ఒప్పుకొనవలెను. బహుమానమునకై నాటకములు వ్రాయువారు తయారైరి. కడపటి రంగమున ఒకరు చావవలెను, చచ్చువాడు దగ్గవలెను, దగ్గుచు దీర్ఘోపన్యాసము చేయవలెను. ఆత్రేయ 'ఎన్.జి.ఓ.' వంటి నాటకమున చిరుద్యోగి కష్టము నిజముగా ఉన్నది. దానిని చూచి వ్రాసిన పెక్కింటిలో కష్టము లేదు, కన్నీరు మాత్రము ఉన్నది. చిత్రములలో సంభాషణ బొమ్మను మింగివేయు అలవాటు సగము ఈ పందిళ్ల నుండి వచ్చినదే. అయినను కొర్రపాటి గంగాధరరావు, పినిశెట్టి శ్రీరామమూర్తి, అనిశెట్టి సుబ్బారావు, ఎన్.ఆర్. నంది వంటివారు ఎడతెగక క్రొత్త నాటకములు అందించుచుండుటకు కారణము ఏటేట క్రొత్తదానిని అడుగు పరిషత్తులు ఉండుటయే.

ఈ తిరుగుడులో మా అందరికంటె ఎక్కువ శ్రమ పడినది నటీమణులు. ఊరి ఆడపిల్లలు రంగమెక్కని కాలమది. కావున వృత్తిగా నటించు కొద్దిమంది స్త్రీలు అన్ని సమాజములకును ఆధారము. మాతో వచ్చెడి ఆమెను మేమందరము అక్కయ్యగారని పిలిచెడివారము. ఒకే పరిషత్తులో, ఒకే రాత్రి, ఆమె మూడు వేర్వేరు సమాజములకు నాయికగా ఆడుట నేను కన్నులార చూచితిని. మొదటి దానిలో కొత్త కోడలు, రెండవ దానిలో క్షయరోగి భార్య, మూడవ దానిలో వేశ్య. ఒక తెర పడి మరొకటి లేచు నడుమ ఆమె తల్లి పట్టుకొన్న చీర మాటున బట్ట మార్చుకొని, బొట్టు మార్చుకొని, జడ విప్పి ముడి వేసికొని, క్రొత్త సమాజపు ప్రాంప్టరును ఒక్క ప్రశ్న అడిగెడిది: "మొదటి మాట నాదా, ఆయనదా?" అంతే. ఏ సమాజపు రహస్యమును మరొక సమాజమునకు ఆమె చెప్పలేదు. మేము ఒకరినొకరు శత్రువులుగా ఎంచుకొన్న రాత్రులలోను ఆమె అందరితోను సమానమైన నిష్ఠతో ఆడినది. అట్టి మనిషికి విడిదికై ఒక ఇంటివారు గది ఇచ్చుటకు నిరాకరించిరి. రంగమున ఆమె కన్నీటికి తామును కన్నీరు కార్చిన వారే వారు. ఆ రాత్రి మాస్టారి భార్య తన పడక ప్రక్కనే ఆమెకును, ఆమె తల్లికిని చాప పరచినది. నాటక చరిత్రలు వ్రాయువారు నటుల బిరుదులతో పుటలు నింపుదురు. ఈ నటీమణుల ఊరుపేరులు సైతము అందు కనబడకుండుట నన్ను ఇప్పటికిని బాధించును.

మన పరిషత్తులను తలపించు ఆచారమొకటి అమెరికా దేశమున కలదని తెలిసినపుడు నాకు కలిగిన సంతోషము ఇంతింత కాదు. అచ్చట మొదటి ప్రపంచ యుద్ధానంతరము తిరిగివచ్చిన సైనికుల సంఘములు డ్రమ్ములతోను, బ్యూగిళ్లతోను మేళములు కట్టినవి. క్రమముగా అవి యువకుల దళములై, వేసవి సెలవులలో బస్సులెక్కి ఊరూరు తిరుగుచు, మైదానములలో వాయించుచు నడచుచు పోటీపడుచుండును. 1972లో విస్కాన్సిన్ రాష్ట్రమున వైట్‌వాటర్ అను ఊర వాటి సొంత సంస్థ నడిపిన తొలి ఛాంపియన్‌షిప్ పోటీ జరిగినది. నిర్ణీత వయస్సు దాటిన పిదప దళము విడువవలెనని నియమము. ఆ బాలబాలికలును మావలెనే బడుల నేలమీద పరుండి, ఉదయమంతయు అభ్యాసము చేసి, రాత్రి న్యాయనిర్ణేతల యెదుట నిలుతురట. మాకు వయోనియమము లేదు. ఉద్యోగమో, పెండ్లియో వచ్చి ఆ నియమమును అమలు జరిపెడిది.

డోలు దళములు మనకును లేకపోలేదు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టి, ఒక్కొక్క బృందమునకు దళమనియే పేరు పెట్టినది. నడుమ తంబురా, అందెలతో కథకుడు, ఇరుప్రక్కల గుమ్మెటలతో వంతలు: ఒకడు హాస్యము పలుకును, రెండవవాడు రాజకీయము పలుకును. సుంకర సత్యనారాయణ కథలు వ్రాయ, గుంటూరు మండలపు పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజరు వాటికి ప్రాణము పోసెను. మోటూరి ఉదయము వంటి స్త్రీలు తామే దళము కట్టి ఊళ్లు తిరిగిరి. వారి పోటీ బహుమానములకు కాదు. కరవుతోను, దొరతోను, నిషేధపుటుత్తరువులతోను వారి పోటీ. ఒక ఊర పోలీసులు ఆపినచో మరునాడు ప్రక్క యూర గుమ్మెట మ్రోగుచుండెను. గుమ్మెట వాయించుటలోని కష్టము దగ్గరనుండి చూచినవారికే తెలియును. చంకలోనున్న మట్టికుండ మూతి తోలు రాత్రి మంచుకు వదులైన శ్రుతి దిగజారును. కావున రంగము వెనుక నిప్పుల కుంపటి యొకటి ఎప్పుడును రగులుచుండవలెను. వంత ఒక చరణమునకు నడుమ వెనుకకు పోయి వాద్యమును సెగ చూపి తెచ్చు లోపల కథకుడు వచనముతో కథ నడుపవలెను. వినువారు దానిని కథలోని మలుపనుకొనెడివారు.

ఈ దళముల మనుష్యులే చిత్రసీమకు నడచి వచ్చిరి. వైద్యుడగు గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' తీసి జమునను, అల్లు రామలింగయ్యను తెరకు పరిచయము చేసెను. 1954లో 'అగ్గిరాముడు' చిత్రమున నాజరు చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ ఊరూర మారుమ్రోగినది. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి నటనతో తృప్తినొందక, తాను చూచిన జానపద కళారూపములన్నిటిని గూర్చి గొప్ప గ్రంథము వ్రాసి పెట్టెను. 1986లో నాజరుకు పద్మశ్రీ వచ్చినపుడు మా హార్మోనిస్టు ఇంకను జీవించియే యుండెను. ఆ వార్త చదివి వినిపించుమని కోరి, ముమ్మారు విని, హార్మోనియము మూత తెరచి ఒక్క శ్రుతి పట్టి మూసెను.

చిత్రపరిశ్రమ హైదరాబాదుకు మరలుటతో నటుల దారియు మారినది. అంతకు ముందు అమీరుపేటలో సారథీ స్టూడియో ఉన్నను, పట్టు మద్రాసుదే. మద్రాసు దూరాభారము గనుక ఏదో యొక నాటకముచే పేరు పొంది, పిలుపు వచ్చినవాడే పోయెడివాడు. హైదరాబాదు రాత్రి బస్సు ఎక్కినచో తెల్లవారునప్పటికి దిగెడి ఊరు. నాటకమాడకయే నేరుగా కృష్ణానగరున దిగి, గది అద్దెకు తీసికొని, ఫోటోలు పంచుట సులభమైనది. దీనిలో తప్పు లేదు. పేదవానికి దారి తెరచుకొన్నది. కాని పందిటిలో తిరస్కారము పొందినవాడు తెల్లవారకమునుపే తన లోపమెచ్చటనో తెలిసికొనెడివాడు. ఫోటో ఇచ్చి ఎదురుచూచువానికి ఆ సంగతి ఎవరు చెప్పెదరు? తనికెళ్ల భరణి, రాళ్లపల్లి, గొల్లపూడి మారుతీరావు వంటి నాటకరంగపు మనుష్యులు జూబ్లీహిల్సు పరిసరములలోని స్టూడియోలకు వచ్చునపుడు ఆ పరీక్షలన్నియు ఆడి వచ్చినవారు. కెమెరా వారికి ఒక ప్రేక్షకుడు మాత్రమే.

పరిషత్తులు చచ్చినవని కొందరు వ్రాయుచుందురు. అది సరికాదు. 1998 నుండి ప్రభుత్వము నంది నాటకోత్సవముల పేర పోటీలు జరిపినది. అప్పటి గుంటూరు మండలపు పల్లెకోనలో, చిత్రరచయితలైన పరుచూరి సోదరులు తమ ఇంటి బిడ్డ రఘుబాబు స్మృత్యర్థము పరిషత్తు నెలకొల్పిరి. ఫిల్మ్‌నగరున సంభాషణలు వ్రాయు చేతులు అచ్చట సమాజములకు షీల్డులందించుట నాకు మిక్కిలి సమంజసముగా కనబడును.

మా వీథి చివర అద్దెకున్న కుర్రవాండ్ర సమాజమొకటి కలదు. ఒకడు డబ్బింగు చెప్పును, ఒకడు సహాయ దర్శకుడు, ఇద్దరు టి.వి. ధారావాహికలలో చిన్న వేషములు వేయుదురు, ఒక అమ్మాయి బ్యాంకులో పనిచేయును. రాత్రి పది దాటిన పిమ్మట మేడమీద నీళ్లట్యాంకు ప్రక్కన, సుద్దముక్కతో గీత గీసికొని రిహార్సలు చేయుదురు. నన్ను తాతగారూ యని పిలిచి కుర్చీ వేసి కూర్చుండబెట్టి, తప్పులు చెప్పుమందురు. నాకు తోచినది చెప్పుదును, వారు కాగితముమీద వ్రాసికొందురు. క్రిందటి వేసవిలో శుక్రవారము రాత్రి బస్సెక్కి కోస్తాకు పోయి ఒక పరిషత్తున ఆడి, సోమవారము ఉదయమునకు ఎవరి పనికి వారు వచ్చి చేరిరి. ఉత్తమ ప్రదర్శన వారికి రాలేదు. ఉత్తమ ప్రతినాయకుడు వచ్చినది, సహాయ దర్శకునికి.